ఏ టైర్లో చెప్పకు, హిన్నెర్క్

మొదటి ఠప్ వినపడింది, ఇంకా ఏడు ఉన్నాయి అనుకుంది వీబ్కే, కాఫీ కప్పును రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని. వేళ్ళతో పట్టుకోవడం మానేసి మూడు నెలలైంది. గోడకు అవతల, తన టైర్ల షాపులో, హిన్నెర్క్ టైరులోకి గాలి కొడుతున్నాడు, టైరు అంచు రిమ్ములోకి దిగి కూర్చునేటప్పుడు వచ్చే చప్పుడు అది, లోపలి అంచుకు ఒకటి, బయటి అంచుకు ఒకటి, చక్రానికి రెండు చొప్పున నాలుగు చక్రాలకు ఎనిమిది, ముప్పై ఒక్క ఏళ్ళు విని విని ఆ లెక్క చెవికే వచ్చేసింది, మనిషి వినకపోయినా చెవి లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. ఏ టైర్లు వేస్తున్నాడో మాత్రం తెలియదు. తెలియకూడదు. అలా తెలియకుండా ఉండాలని పట్టుబట్టింది తనే, పొద్దున బల్ల దగ్గర గుడ్డు పెంకు పగలగొడుతూ, డెట్లెఫ్ కళ్ళలోకి సూటిగా చూస్తూ. హిన్నెర్క్ దగ్గర రెండు రకాలున్నాయి, ఏదో ఒకటి వేస్తాడు, ఏది వేశాడో చీటీ మీద రాసి కవరులో పెట్టి అంటిస్తాడు, నేను పన్నెండు కిలోమీటర్లు నడిపి వచ్చి అవేవో చెప్తాను, చెప్పగలిగితే కారు మనదే, చెప్పలేకపోతే శనివారం హన్నోవర్ నుంచి కారు కొనడానికి వచ్చే ఆ పళ్ళ డాక్టరుకు నా చేత్తో సంతకం పెట్టి ఇచ్చేస్తాను, ఆ తరవాత నేను ఒక్క మాటంటే అడుగు. డెట్లెఫ్ గుడ్డులో ఉప్పు వేసుకోవడం మరిచిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఏదైనా మరిచిపోయాడంటే భయపడ్డాడని అర్థం.

రెండో ఠప్. ఆయన్ని అనడానికి ఏమీ లేదు పాపం. జనవరిలో ఒక సాయంత్రం ఆమె పొయ్యి దగ్గర నిలబడి, పెనం అంచు మీద చెయ్యి ఆనించి, రేడియోలో రేపటి వాన సంగతి వింటుంటే, పక్క గదిలోంచి ఆయన పరుగెత్తుకొచ్చాడు, ఏదో మాడుతోంది వీబ్కే, ఏదో మాడుతోంది అంటూ. మాడుతున్నది ఆమె వేలు. నొప్పి ఆమెకు తెలియలేదు, వాసన ఆయనకు తెలిసింది. ఆ రాత్రి కట్టు కడుతూ ఆయన ఏడ్చాడు, ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. శరదృతువంతా, చలికాలమంతా గడ్డను చంపడానికి ఎక్కించిన మందు గడ్డను చంపింది, చేతిలో పనే కదా అని వేళ్ళ చివరలను కూడా చంపి పోయింది. తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు, ఓపిక పట్టండి అంది డాక్టరమ్మ, తన పది వేళ్ళతో చకచకా టైపు చేసుకుంటూ. ఓపిక పట్టడానికి కూడా వేళ్ళు కావాలమ్మా అందామనుకుంది వీబ్కే, అనలేదు, ఆమె మంచిదే. ఆ మర్నాటి నుంచి డెట్లెఫ్ కారు సంగతి ఎత్తడం మొదలుపెట్టాడు, మొదట మెల్లగా, తరవాత కొంచెం గట్టిగా, ఆ చేతులతో ఆ బండా, మూడు వందల హార్స్ పవర్ వెనక చక్రాలకు ఇచ్చే బండా, పోనీ వేరేది చిన్నది కొందాం, సీటు వేడి చేసేది. సీటు వేడి చేసేది! ఆ మాటతోనే పెళ్ళి రద్దయ్యేది, ఆయన అంత మంచివాడు కాకపోయుంటే.

కారు షెడ్డులో గుడ్డ కప్పుకుని అయిదు నెలలు కదలకుండా పడుకుంది, ఆమె ఆసుపత్రి మంచానికీ ఇంటి మంచానికీ మధ్య పడుకున్నట్టే. పొద్దున గుడ్డ తీసి తాళం తిప్పితే మొదటిసారికే పలికింది. ఏడేళ్ళ నాటి టైర్లు, చారలు ఇంకా ఉన్నాయి గాని రబ్బరు ముసలిదైపోయింది, మార్చక తప్పదు, అది పంతం కాదు, ఎవరైనా ఒప్పుకునేదే. షెడ్డు నుంచి ఇక్కడికి తొమ్మిది కిలోమీటర్లు, డెట్లెఫ్ తన బండిలో వెనకే వచ్చాడు, కొంగు పట్టుకున్న పిల్లాడిలా, ఊరి మలుపు దాకా వచ్చి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. దారిలో నలభై దగ్గర నడుము కింద ఏదో తట్టినట్టయింది, టక్, టక్, టక్, అయిదు నెలలు ఒకే చోట బరువు మోసిన రబ్బరు ఆ చోట నొక్కుకుపోయి ఉంటుంది కదా అనుకుంది, అనుకుని వెంటనే అనుమానపడింది, నిజంగా తట్టిందా, తట్టాలి కాబట్టి తట్టినట్టుందా. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్నడూ రాని అనుమానం అది.

మూడు, నాలుగు, వెంటవెంటనే. చెయ్యి ఇంకా చురుగ్గానే ఉంది ముసలాడికి.

ఈస్టర్ దగ్గర పడితే ఈ ప్రాంతంలో ప్రతివాడికీ చలికాలపు టైర్లు విప్పించి ఎండాకాలపువి వేయించాలని గుర్తొస్తుంది, ఒక్కడికీ ఒక్కరోజు ముందు గుర్తురాదు. గదిలో ఏడు కుర్చీలు, ఏడుగురు మనుషులు, కిటికీలో ఎవరో పెట్టిన ఆస్పరాగస్ కూర కాడల సంచీ, మట్టి వాసన వేస్తోంది, అంటే పొద్దుటి కోతే. ఎదురు కుర్చీలో రబ్బరు బూట్ల రైతు ఒకడు చాలాసేపటి నుంచి ఆమెను చూస్తున్నాడు.

“ఆ ఆకుపచ్చ బండి మీ ఆయనదా?”

“నాదే.”

“మరి మీ ఆయనకేముంది?”

“నేనున్నాను.”

పక్కనున్న ముసలామె కిసుక్కున నవ్వింది. రైతు కూడా నవ్వాడు, ఒక నిమిషం ఆలస్యంగా, ఈ ఇసక నేలల మనుషులు అంతే, నవ్వును కూడా ముందు తూకం వేసుకుంటారు. వీబ్కేకు కులాసా అనిపించింది. తనకు తెలుసు, ఓడిపోవడానికి రాలేదు. వేళ్ళు పోయాయి సరే, టైరు సంగతి వేళ్ళతో ఎవరు తెలుసుకుంటారు? ఉద్యోగంలో చేరిన మొదటి వారమే బ్రున్యెస్ గారు చెప్పారు, పరీక్ష మైదానానికి పెద్ద ఆయనే, పంది మెడ, పసిపిల్ల కళ్ళు. “చూడమ్మాయ్, స్టీరింగు అబద్ధం చెప్తుంది, కన్ను అబద్ధం చెప్తుంది, చెవి డబ్బు తీసుకుని అబద్ధం చెప్తుంది. నిజం చెప్పేవి పిర్రలొక్కటే.” పాతికేళ్ళ పిల్ల, మైదానంలో మొదటి ఆడది, సిగ్గుతో చచ్చిపోవలసిన మాట, చావలేదు సరికదా రాసి పెట్టుకుంది. కంపెనీ టైర్లు అమ్మేముందు ఎవరో ఒకరు వాటి మీద కూర్చుని తిరిగి, ఇది మొండిది, ఇది తడిలో నమ్మకస్తురాలు, ఇది మలుపులో మాట తప్పుతుంది అని చెప్పాలి, ఆ ఎవరో ఒకరు తను. టైరు పక్కన పేరు గీకేసి ఉండేది, నంబరు మాత్రమే ఉండేది, ఆ నంబరు దేనిదో ఫిట్టరుకొక్కడికే తెలుసు, ఆ ఫిట్టరు హిన్నెర్క్. ఇరవై రెండేళ్ళు ఆమె కింద చక్రాలు బిగించి, ఇరవై రెండేళ్ళు పెదవి విప్పకుండా బతికాడు. డ్రైవరు బండి దగ్గరికి వచ్చేటప్పుడు కన్ను కిందికి పోకూడదు, తలుపు పిడి మీదే ఉండాలి, ఎవరూ కాపలా ఉండరు, అయినా ఎవరూ చూడరు, చూసినవాడు క్యాంటీన్లో ఒంటరిగా తింటాడు.

అయిదు. ఆరు.

టైర్లకు తనెప్పుడూ డబ్బు పెట్టలేదు, అదొక తమాషా. మిగిలిపోయిన సెట్లు కారుకి వచ్చి పడుతుండేవి. పొద్దున హిన్నెర్క్ ధర చెప్పగానే నోరు తెరుచుకుని ఉండిపోయింది.

“నాలుగింటికా, ఒక్కదానికా?”

“ఒక్కదానికి.”

“దొంగవెధవా.”

“నువ్వే కదమ్మా పదికి తొమ్మిది మార్కులేసి వీటి అమ్మమ్మను అంత గొప్పదాన్ని చేశావు. ఇప్పుడు దాని మనవరాలికి కట్నం అడుగుతున్నారు.” రెండు రకాలనూ గోడకు ఆనించి చూపించాడు. ఒకటి గట్టి పక్కలది, స్టీరింగు వెంట్రుకవాసి కదిపితే చాలు, పిలిచీ పిలవకముందే ఊఁ అనేది, వానలో కొంచెం పెంకెది. రెండోది మెత్తనిది, వానలోనూ చల్లటి పొద్దుల్లోనూ పట్టు వదలనిది, చప్పుడు తక్కువ. “నన్నడిగితే మెత్తనివి తీసుకో, వీబ్కే తల్లీ. మన వయసుకు అవే నప్పుతాయి.”

“మన వయసా? నీ వయసు.”

“సరే నా వయసు. నీకింకా పెళ్ళి సంబంధాలొస్తున్నాయి.” అని నవ్వి, నవ్వు ఆపి, ఆమె కుడిచేతి చూపుడువేలి మీద గులాబిరంగు మచ్చను చూశాడు. చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు. “ఏది వేశానో నిజంగా చెప్పొద్దంటావా?”

“ఏ టైర్లో చెప్పకు, హిన్నెర్క్. నీకు దణ్ణం పెడతాను.”

ఏడో ఠప్ ఆలస్యంగా వచ్చింది, ఎనిమిదోది ఇంకా ఆలస్యంగా. చెవి లెక్క మూసేసింది. హిన్నెర్క్ తలుపు దగ్గర నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు, చంకలో తెల్ల కవరు, దాన్ని తెచ్చి కాఫీ మిషను కింద, అందరి కళ్ళ ముందే, సగం బయటికి కనబడేలా దోపాడు. మొహంలో ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళూ ఆ మొహంలో ఏమీ ఉండేది కాదు. “పో” అన్నాడు.

కన్ను తలుపు పిడి మీద పెట్టుకుని నడిచింది. రైతు కిటికీలోంచి చూస్తున్నాడని వీపుకు తెలుసు. కూర్చుంది, నడుము వెనక్కు జరిపి సీటులో పాతుకుంది, అరచేతుల మొదళ్ళతో స్టీరింగు పట్టుకుంది, వేళ్ళు అలంకారానికి. చర్చి ముందు రాళ్ళ వీధి, బేకరీ, అగ్నిమాపక వాళ్ళ గరాజు, ఊరు అయిపోయింది, ఇరవై కిలోమీటర్ల దాకా వంపు తప్ప మనిషి కనబడని దారి, నల్ల ప్లాస్టిక్ కప్పుకున్న ఆస్పరాగస్ గట్లు, వాటి పక్కన బిర్చి చెట్లు. కొత్త టైరు ఎలా ఉంటుందో తనకు చెప్పాలా? మొదటి కిలోమీటర్లలో సబ్బు రాసుకున్నట్టుంటుంది, పైపొర అరిగేదాకా జారుడు, ఎత్తైన రబ్బరు దిమ్మలు అటూ ఇటూ ఊగుతాయి, కారు కొత్త చెప్పులేసుకున్న మనిషిలా కాసేపు తన నడక తను వెతుక్కుంటుంది. ఆ ఊగు కోసం ఎదురు చూసింది. రాలేదు. స్టీరింగు కొంచెం అటు, కొంచెం ఇటు. ఏమీ లేదు. జారుడూ లేదు. డెబ్బై దగ్గర గట్టివైతే కిర్రుమంటాయి, మెత్తనివైతే మూగబోతాయి, ఈ రెండూ కాదు, ఏదో చప్పుడు, ఎప్పటిదో మామూలు చప్పుడు. మూడు కిలోమీటర్లు. నాలుగు. వేళ్ళతో ఆగలేదన్నమాట, మందు నడుము దాకా దిగిందన్నమాట, తెలియని మనిషికి తెలియదని కూడా తెలియదు కదా, వేలు మాడుతుంటే వాతావరణం వింటూ నిలబడ్డట్టే ఇప్పుడూ నిలబడి ఉందన్నమాట, మాడిన వాసన చెప్పడానికి ఈ బండిలో డెట్లెఫ్ కూడా లేడు. వీబ్కేకు ఏడుపొచ్చింది. జనవరిలో రానిది ఇప్పుడొచ్చింది, తుడుచుకోలేదు, రెండు చేతులూ స్టీరింగు మీద కావాలి.

సరే, ఆలోచించు, మెదడుకు ఏ మందూ ఎక్కలేదు. హిన్నెర్క్ ఏది వేస్తాడు? మెత్తనివే వేస్తాడు, వాడి మనసు మెత్తన, మచ్చ చూసినప్పుడు తల తిప్పుకున్నాడు, ఇవి తీసుకో తల్లీ అన్నాడు, గెలిచినా ఓడినా ఈమె క్షేమంగా ఉండాలని అవే వేస్తాడు. మెత్తనివి అని చెప్పేయ్. అయినా సగానికి సగం గెలుపు, వాడి మనసు చదివితే ఇంకా ఎక్కువ. ఎవరికి తెలుస్తుంది? కన్ను కిందికి పోలేదు, నియమం తప్పలేదు. రైలు పట్టాల గేటు వచ్చింది, దాటింది, బంగాళాదుంపల గోదాము ముందు మలుపు కనబడింది, మెత్తనివి, మెత్తనివి అని నోట్లో అనుకుంటూ చూసుకుంటే నోట్లో క్యాంటీను వాసన వచ్చింది, ఉడికిన క్యాబేజీ, తడి కోట్లు, గోడ మీద మేకుతో కొట్టిన రెండు కాగితాలు. తన దస్తూరీ. చేరిన ఏడాదే, నాలుగో నంబరు సెట్టుకూ ఏడో నంబరు సెట్టుకూ తేడా రాయమంటే రెండు పేజీలు రాసిచ్చింది, నాలుగు మలుపులో నిదానస్తురాలు, ఏడు తొందర మనిషి, బ్రేకు దగ్గర నాలుగు ఇలా, ఏడు అలా, తనకే ముచ్చటేసిన రాత. రెండూ ఒకటే సెట్టు. నంబరు మార్చి రెండోసారి ఎక్కించారు, కొత్త డ్రైవర్లందరికీ పెట్టే ఎర, ఊహించి రాసేవాణ్ణి పట్టుకునే ఎర. ఏడాది పాటు ఆ కాగితాలు గోడ మీదే ఉన్నాయి, సూపు తాగుతూ ఒక్కొక్కడూ ఒక్కో వాక్యం గట్టిగా చదివేవాడు. బ్రున్యెస్ గారు మాత్రం నవ్వలేదు. “తేడా చెప్పేవాళ్ళు నాకు పాతికమంది ఉన్నారమ్మాయ్. తేడా లేనిచోట లేదని రాసేవాళ్ళు ఇద్దరే ఉన్నారు. మూడోదానివి కా.” అయింది. మూడు దశాబ్దాలు అదే తన అన్నం.

గోదాము ముందు ఆపింది. హీటరు పంకా కట్టేసింది, కిటికీలు ఎత్తేసింది. నువ్వు ఇంతసేపూ కొత్తదాని కోసం వెతుకుతున్నావు, సిగ్గు లేకపోతే సరి, ఉన్నదేమిటో అడిగావా? మొదటి గేరు, రెండో గేరు, ఇరవై, ముప్పై, నలభై. అక్కడే పట్టుకుంది, నలభై దగ్గర, కదలకుండా. టక్. టక్. టక్. ఎడమ తుంటి కింద, వెనక చక్రం, మంచం పట్టిన మనిషి వీపు మీద పడే పుండులాంటి చోటు, చలికాలమంతా షెడ్డు నేలకు ఆనుకున్న చోటు. కొత్త టైరు షెడ్డులో పడుకోలేదు. కొత్త టైరుకు ఈ మచ్చ ఉండదు. ఆమె ముప్పైకి తగ్గింది, టక్‌ల మధ్య ఎడం పెరిగింది, అరవైకి పెంచింది, అవి కలిసిపోయి చప్పుడయ్యాయి, మళ్ళీ నలభై, టక్, టక్, టక్. ఎనిమిది ఠప్‌లు విన్నావు కదే అంది చెవి. నువ్వు డబ్బు తీసుకుని అబద్ధం చెప్తావని బ్రున్యెస్ గారు ఏనాడో చెప్పారు, నోరు మూసుకో అంది వీబ్కే, పైకే, ఖాళీ కారులో. కాని ఇది పైకి చెప్పడం ఎలా? ఏమీ మారలేదు అనడమంటే ఏమీ తెలియలేదు అనడమే, స్పర్శ చచ్చిన మనిషి ఏం చెప్తుందో అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పాలి, తప్పయితే ఇంకో ముక్క ఎవరూ అడగక్కర్లేదు, డెట్లెఫ్ అసలు అడగడు, కట్టు కట్టినట్టు మెల్లగా శనివారం తాళాలు తీసుకుంటాడు. మెత్తనివి అంటే ఓడినా పరువు మిగులుతుంది. మలుపు వచ్చింది. తొంభై మీద మలుపులోకి దిగింది, ముసలి రబ్బరు మూలిగి, ఎప్పటిలాగే, ఎప్పటి చోటే, పట్టుకుంది.

గదిలో ఇప్పుడు అయిదుగురే ఉన్నారు, రైతు పోలేదు, అతని పని ఎప్పుడో అయిపోయింది. హిన్నెర్క్ కాఫీ మిషను పక్కన నిలబడ్డాడు, కవరు ఉన్నచోటే ఉంది.

“గట్టివా, మెత్తనివా?”

“రెండూ కాదు. నువ్వు టైర్లు మార్చనే లేదు.”

గదిలో కుర్చీ ఒకటి కిర్రుమంది. హిన్నెర్క్ మొహంలో ఏమీ లేదు. “గంటసేపు గాలి కొట్టాను. ఎనిమిది సార్లు నువ్వు లెక్కపెట్టుకున్నావు, గోడకవతల ఉన్నా నాకు తెలుసు.”

“కొట్టావు. నా చక్రాలకు కాదు.”

“ఆఖరి మాటేనా? కావాలంటే ఇంకోసారి తిరిగి రా. నేనేమీ అనుకోను.”

“నలభై దగ్గర ఎడమ వెనకది తడుతోంది. షెడ్డులో పడుకున్న మచ్చ. నా చేతులకు ఏమీ తెలియలేదు హిన్నెర్క్, ఏమీ. మిగతాదానికి తెలిసింది. ఆఖరి మాట.”

అతను కవరు లాగి ఇచ్చాడు. అంటించిన అంచు ఆమె వేళ్ళకు చిక్కలేదు, రెండుసార్లు జారింది, పళ్ళతో చింపింది. ఎప్పటి పెన్సిలు, ఎప్పటి కోడిగీతలు. పాతవే. క్షమించు.

“నువ్వు విన్న ఆ నాలుగు టైర్లూ ఈ పెద్దమనిషి వ్యానువి” అన్నాడు హిన్నెర్క్ రైతును చూపిస్తూ, మొదటిసారి ఆ మొహం చెదిరింది, కళ్ళు తడిగా ఉన్నాయి. “కొత్తవి వేస్తే గుడ్డివాడు కూడా సగం చెప్తాడు. నేనేం ఎక్కిస్తానో నువ్వు ఊహించేస్తావని కూడా తెలుసు. అలా గెలిస్తే నీకు నిద్ర పట్టదు వీబ్కే, నాకూ పట్టదు.”

“ఇరవై నిమిషాలు నన్ను చంపావు, వెధవా.”

“చంపాను.”

“నా జుట్టు రాలినప్పుడు కూడా ఇంత ఏడవలేదు.”

“ఏవి ఎక్కించను?”

ఆమె కళ్ళూ ముక్కూ చేతిరుమాలుతో తుడుచుకుంది, తీరిగ్గా, ముసలామె పక్కకు జరిగి చోటిచ్చింది. “మెత్తనివి” అంది వీబ్కే. హిన్నెర్క్ నోరు తెరిచాడు. “ఏం చూస్తావు? వానకు నాకు పట్టు కావాలి, వేళ్ళు లేవు కదా. గట్టివి పళ్ళ డాక్టర్లకు అమ్ముకో.” ఫోను తీసి, మెటికతో డెట్లెఫ్ నంబరు నొక్కి, మోగుతుండగా చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. మొదటి మోతకే ఎత్తాడు, ఫోను పక్కనే కూర్చుని ఉంటాడు.

“వీబ్కే? తెలిసిందా?”

“శనివారం ఆయన్ని రావద్దని చెప్పు.”

“ఏవి వేశాడు?”

“ఇంకా వెయ్యలేదు. ఇప్పుడు వేస్తాడు.” గోడకవతల జాకీ బుస్సుమంటూ లేచింది. వీబ్కే కప్పును మళ్ళీ మణికట్ల మధ్య పెట్టుకుంది, కాఫీ చల్లారిపోయింది, ఆ సంగతి పెదవికి తెలిసింది. “ఉండు డెట్లెఫ్, పెట్టెయ్యకు. ఒకటి వినిపిస్తాను” అని ఫోను గోడ వైపు పట్టుకుంది.